"మేము" అంటే ఎవరు?

"నేను రాయను," అంది సెనైదా.

లాప్‌టాప్ మూత సగం దించేసింది. వంటింట్లో పొయ్యి మీద బీన్సు కుతకుతలాడుతున్నాయి.

ఎలోయ్ కుర్చీలోంచి కదల్లేదు. ఇంటికి పెద్దల్లుడు కదా, ఆ బల్ల దగ్గర ఆ కుర్చీ తనకే రాసిచ్చినట్టు కూర్చుంటాడు.

"రాయనంటే ఎలా మరదలా? ఈ లోయలో ఎవడికి సర్కారు ఉద్యోగం కావాలన్నా రెజ్యూమె రాసిపెట్టేది నువ్వేగా. ఊళ్ళో వాళ్ళందరికీ రాస్తావు, సొంత బావకి రాయవా?"

"చేసింది చెప్పు, రాస్తాను. చెయ్యనిది రాయమంటే నా వల్ల కాదు."

"నేనేం చెయ్యలేదే?"

"కత్తిగట్టు మీంచి జనాన్ని దింపింది నువ్వా?"

ఆ పేరు ఎత్తగానే ఒఫేలియా స్టవ్ దగ్గర్నించి తిరిగి చూసింది. ఆమె ఎలోయ్‌కి భార్య, సెనైదాకి అక్క. జూన్ నెల నుంచీ ఈ ఇంట్లో ఎవరూ ఎత్తని పేరు అది. ఎత్తితే అన్నం సహించదు.

జూన్‌లో కత్తిగట్టు మీది అడవి అంటుకుంది. పియెద్రా ఓందా ఊరి వాళ్ళతో ఏటా ఒక కాంట్రాక్టరు మంటలార్పే దళం కడతాడు. ఆ దళానికి ఎలోయ్ క్రూ బాస్, అంటే పెద్ద. అతని కింద సెనైదా స్క్వాడ్ బాస్. ఆ మధ్యాహ్నం దళమంతా గట్టు మీద మంట పాకకుండా అడ్డంగా నేల చెక్కుతూ ఉంటే ఎలోయ్ కింద వాగు దగ్గర ట్రక్కులో ఉన్నాడు. గాలి తిరిగింది. సెనైదా రేడియోలో అడిగింది. "అక్కడే ఉండండి" అన్నాడు. గాలి ఎటు తిరిగిందో తల బయట పెట్టి చూడను కూడా చూడలేదు.

ఆమె ఉండలేదు. పద్దెనిమిది మందిని వెంటబెట్టుకుని, అప్పటికే కాలి నల్లబడ్డ నేల మీదుగా కిందికి దింపేసింది. కాలిన చోటు మళ్ళీ కాలదు. వాళ్ళు వదిలి వచ్చిన చోటు ఆ తర్వాత అరగంటలో కొలిమైపోయింది.

మరి ఎలోయ్ ఏం చేశాడు? తన "అక్కడే ఉండండి" ఎక్కడ బయటపడుతుందో అని, ఆమె పనితీరు మీద ఇచ్చే రేటింగులో రాసిపడేశాడు: "ఆజ్ఞ లేకుండా, సొంత నిర్ణయంతో దళాన్ని గట్టు దింపేసింది. పని వదిలి పారిపోయింది." కింద సంతకం. ఆ ముక్క చూసి కాంట్రాక్టరు మళ్ళీ సెనైదాని పిలవలేదు. తోటివాళ్ళు కొండల్లో పొగ మింగుతుంటే ఆమె పెట్రోలు బంకులో సిగరెట్లు అమ్ముతూ వేసవి గడిపింది. "పారిపోయిందట" అన్న మాట గల్లాపెట్టె దాకా వచ్చి వినిపించేది.

ఇప్పుడు లోయలోని రేంజర్ ఆఫీసులో ఫైరింజనుకి కెప్టెన్ కావాలని ప్రకటన పడింది. పర్మనెంటు ఉద్యోగం. ఇలాంటిది మళ్ళీ ఎన్నేళ్ళకి పడుతుందో ఎవరికీ తెలియదు. రేపటితో గడువు ఆఖరు. ఆ రోజు పారిపోవడం అన్న పనే ఈ రోజు ఎలోయ్ రెజ్యూమెలో ప్రాణాలు కాపాడటం అయి కూర్చుంది.

"క్రూ బాస్‌ని నేను," అన్నాడు ఎలోయ్. "దళం ఏం చేసినా నేను చేసినట్టే."

"బాగుందయ్యా," అంది అత్తగారు దొనాసియానా, గిన్నెలో బీన్సు ఏరుతూ, తలెత్తకుండా. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు."

"అత్తయ్యా, మీరు మధ్యలో రాకండి."

"నా బల్ల, నా కుర్చీ, నా బీన్సు. మధ్యలోకి వచ్చింది ఎవరో చూసుకో."

ఒఫేలియా గరిటె పక్కన పెట్టి చెల్లెలి దగ్గరికొచ్చింది. "రాసెయ్యవే. నా మొహం చూసి రాయి. పర్మనెంటు అయితే ఇన్సూరెన్సు వస్తుంది. చిన్నదానికి ఆయాసం వచ్చినప్పుడల్లా నేను ఎవరి కాళ్ళు పట్టుకోను?"

సెనైదా అక్క వైపు చూడలేదు. బావ చేతుల వైపు చూసింది. ఆ చేతులే కదా ఆ ముక్క రాసింది. కడుపులో మండింది. ఆ మంట ఐదు నెలలుగా రగులుతూనే ఉంది, దాన్ని ఆర్పడానికి ఏ దళమూ రాలేదు.

అప్పుడామెకి ఒక ఆలోచన వచ్చింది. వచ్చాక చాలా ప్రశాంతంగా అయిపోయింది.

మూత పైకెత్తింది. "సరే బావా. చెప్పు."

దొనాసియానా ఏరడం ఆపేసింది. ఒఫేలియా గుండెల మీద సిలువ గీసుకుంది.

ఎలోయ్ గొంతు సవరించుకున్నాడు. "రాసుకో. గాలి మారడం మేము గమనించాం. ప్రమాదం ఉందని మేము..."

"మేము వద్దు."

"అంటే?"

"నేను అను."

ఎలోయ్ ఇబ్బందిగా నవ్వాడు. "'నేను' ఏంటే? మంట దగ్గర ఎవడైనా నేను అంటాడా? అన్నాడంటే సీజనంతా వాణ్ణి ఏడిపించి చంపుతారు."

అది నిజమే. ఆ దళాల్లో 'నేను' అన్నమాట బూతు కింద లెక్క. తవ్వింది మేము, నరికింది మేము, చావు తప్పించుకుంది మేము. ముప్పై సీజన్లు చేసిన ముసలాడు కూడా రెజ్యూమెలో మేము, మేము అని రాసి పంపిస్తాడు. ఆఫీసులో వాళ్ళు అది చదివి, ఇందులో ఈయన చేసిందేముంది అని పక్కన పడేస్తారు. ఈ ఒక్క మాట వల్ల లోయలో గట్టి పనివాళ్ళు ఎంతమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారో సెనైదాకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

"ఇది మంట కాదు బావా, ఆఫీసు. నీ మేముకి అక్కడ ఉద్యోగం ఇవ్వరు. చేసింది ఎవరు అని అడుగుతారు. చేసిందెవరు?"

ఎలోయ్ భార్య వైపు చూశాడు, అత్తగారి వైపు చూడకుండా. "నేను," అన్నాడు చిన్నగా.

"గట్టిగా అను. టైపు చెయ్యాలి కదా."

"గాలి మారడం నేను గమనించాను."

"ఊఁ."

"నేను ఆజ్ఞ ఇచ్చాను. కాలిన నేల మీదుగా పద్దెనిమిది మందిని నేను దింపాను."

రెండో వాక్యానికే గొంతు విచ్చుకుంది. మూడో వాక్యానికి కాలు మీద కాలు వేసుకున్నాడు. తర్వాత చెప్పమని అడగాల్సిన పని లేకపోయింది. నేను చూశాను, నేను నిర్ణయించాను, నేను కాపాడాను. నోరు తీపెక్కినవాడికి ఇక ఆపడం చేతకాదు. సెనైదా ఒక్క మాట పొల్లు పోకుండా టైపు చేసింది. తప్పుల్లేకుండా చేసింది. నెలలు, సంవత్సరాలు, పని చేసిన చోట్లు అన్నీ పెట్టింది.

"చదువుకో బావా. అంతా సరిగ్గా ఉందా?"

చదువుకున్నాడు, పెదాలు కదుపుతూ. "మహా బాగా రాశావే. నేనింత గొప్పవాణ్ణని నాకే తెలీదు."

"కింద ఒకటుంది చూడు. ఇందులో ఉన్నదంతా నిజమనీ, అబద్ధమైతే ఉద్యోగం తీసేయొచ్చనీ. అక్కడ నొక్కాలి."

"నొక్కెయ్."

"నేను నొక్కకూడదు. నీ చేత్తో నువ్వే నొక్కు."

నొక్కాడు. పంపించాడు. మరదలి నెత్తి మీద చిన్నపిల్లని తట్టినట్టు తట్టి, ట్రక్కు తాళాలు ఊపుకుంటూ బయటికి పోయాడు. ఒఫేలియా కూడా పిల్లని తెచ్చుకోవడానికి బడికి బయల్దేరింది.

ట్రక్కు చప్పుడు దూరమయ్యాకే తల్లి నోరు విప్పింది.

"గంటలు రాశావా?" అంది దొనాసియానా.

రెజ్యూమెలో ప్రతి కొలువుకీ వారానికి ఎన్ని గంటలు చేశారో రాయాలి. ఆ ఒక్కటీ లేకపోతే అది ఏ మనిషి కంటా పడకుండానే పక్కకి పోతుంది. కారణం కూడా సరిగ్గా చెప్పరు. కూతురు పక్కన కూర్చుని కూర్చుని ముసలామెకి కూడా ఈ మర్మాలు వంటబట్టాయి.

"రాశానమ్మా."

"ఎందుకు రాశావే పిచ్చిదానా? మర్చిపోయానని చెప్తే సరిపోయేదిగా. నీ చేతికి మట్టంటకుండా పోయేవాడు."

"పోతే ఏం లాభం? నా అదృష్టం ఇంతే అనుకుని రెండు బీర్లు తాగి పడుకుంటాడు. ఊళ్ళో నేను పారిపోయినదాన్నిగానే మిగిలిపోతాను." సెనైదా నవ్వింది. ఆ నవ్వు తల్లికే కొత్తగా ఉంది. "వాడి వేలితో వాడి కన్నే పొడిపించాలమ్మా. అందరి ముందూ, వాడి నోటితోనే."

ఇంకో కాగితం తెరిచింది. దాని మీద పేరు సెనైదా ఆర్చులేతా. అదే ఉద్యోగానికి.

తల్లి కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. కత్తిగట్టు మంట, అదే తేదీ, అదే గట్టు. "దళాన్ని నేను దింపాను." సూపర్‌వైజర్ ఎవరు అన్నచోట ఎలోయ్ పేరు, అతని ఫోను నంబరు. ఆయన్ని అడగొచ్చా అన్నచోట: అడగొచ్చు.

"వాణ్ణి అడగమంటావేంటే! వాడు చెప్తాడా?"

"చెప్పకపోతే వాడు రాసిందే చెప్తుంది." జూన్‌లో బావ రాసిచ్చిన రేటింగు తీసి దానికి జత చేసింది. ఆజ్ఞ లేకుండా, సొంత నిర్ణయంతో. "ఇదిగో, దింపింది నేనే అని వాడే సంతకం పెట్టిచ్చాడు. ఇప్పుడేమో నేను దింపాను అని పంపించాడు. రెండూ ఒకే బల్ల మీదికి వెళ్తాయి. ఇది నిజమంటే అది అబద్ధం. అది నిజమంటే ఇది అబద్ధం. ఎటు పోతాడు?"

దొనాసియానా కళ్ళజోడు తీసి ఏప్రనుకి తుడుచుకుంది.

"నిన్నొకసారి కాల్చేశాడు," అంది. "ఇక నీకు భయం ఏముంటుందిలే. పంపించు."

* * *

పేర్లు వడపోసి, అర్హత ఉన్నవాళ్ళని రేంజర్ ఆఫీసుకి పంపినట్టు కబురొచ్చింది. ఇద్దరి పేర్లూ వెళ్ళాయి. ఆ కబురు ఇంట్లో అందరూ వాడే లాప్‌టాప్‌లోకే రావడంతో ముందు ఒఫేలియా చూసింది.

పెరట్లో కట్టెలు పేరుస్తున్న చెల్లెలి దగ్గరికి కోటు కూడా వేసుకోకుండా వచ్చింది.

"నువ్వు కూడా పెట్టావా?"

"పెట్టాను."

"నాకు చెప్పకుండా?"

"మీ ఆయన నా మీద రాసినప్పుడు నాకు చెప్పి రాశాడా?"

"ఆయన మీద పగ ఉంటే ఆయన మీద తీర్చుకో! ఆయనకి రావాల్సిన ఉద్యోగం చెడితే కూలేది ఎవరి ఇల్లు? నీకొస్తే నా పిల్లకి మందులొస్తాయా?"

సెనైదా చేతిలో కట్టెని పేర్పు మీదికి విసిరేసింది. అక్క అడిగింది న్యాయమే. ఆ సంగతి తెలిసి కోపం ఇంకా పెరిగింది.

"ఆ గట్టు మీద మన తోబియాస్ కూడా ఉన్నాడక్కా. మీ ఆయన ఉండమన్నచోట ఉండి ఉంటే ఇవాళ తమ్ముడి సమాధి మీద పూలు మార్చేదానివి."

"ఆయన రేడియోలో దిగమన్నానంటాడు!"

"ఉండమన్నాడు."

"నువ్వలా అంటావు, ఆయనిలా అంటాడు. తోబియాస్‌ని అడిగితే 'మేం దిగాం అక్కా' అంటాడు. ఎవరు దింపార్రా అంటే, 'మేం దిగాం'. దళంలో ఎవణ్ణి అడిగినా ఇదే పాట. గట్టు మీద జరిగింది గట్టు మీదేనట! ఒక్క పేరు చెప్పి చావచ్చు కదా ఎవడో ఒకడు!"

"నేను చెప్తున్నాగా."

"నువ్వు చెప్తే ఎలా? నువ్వూ నా దానివే, ఆయనా నా వాడే. నేను ఎవరి మాట నమ్మాలే?"

ఒఫేలియా ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఉప్పు కావాలన్నా అమ్మ మీదుగా అడుక్కున్నారు. విచిత్రం ఏమిటంటే, చెల్లెలు కూడా దరఖాస్తు పెట్టిన సంగతి ఒఫేలియా మొగుడికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో సెనైదాకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

* * *

క్రిస్మస్ ముందు తమాలేలు చుట్టే రోజు ఆ ఇంట్లో ఎవరికీ మినహాయింపు లేదు. దొనాసియానా మేయరునైనా కూర్చోబెట్టి చుట్టిస్తుంది. ఎర్ర మిరపకాయ ముద్దలో ఉడికిన పంది మాంసం ఒక గంగాళంలో, మొక్కజొన్న పిండి ముద్ద ఇంకో గంగాళంలో, వాటిని పొట్లాలుగా చుట్టడానికి నానబెట్టిన కండె రేకులు మధ్యలో. బయట మంచు పడుతోంది.

ఎలోయ్ మోచేతుల దాకా పిండిలో ఉన్నాడు. హుషారుగా ఉన్నాడు.

"కెప్టెనయ్యాక కూడా నాతో పిండి పూయిస్తారా అత్తయ్యా?"

"కెప్టెనయ్యాక గిన్నెలు కూడా తోమిస్తాను."

"చూశావా సెనైదా, మీ అమ్మకి నేనంటే ఎంత గౌరవమో? నువ్వేం దిగులు పడకు. నేను చేరాక నీ గురించి కూడా ఒక మాట వేస్తాలే. కొత్తవాళ్ళకి గొట్టాలు చుట్టే పనైనా ఉంటుంది."

సెనైదా రేకు మడిచింది. "నీ దయ బావా."

అప్పుడు మోగింది ఎలోయ్ ఫోను, బల్ల మీద, ఒఫేలియా మోచేతి పక్కన. తెర మీద రేంజర్ ఆఫీసు అని పడింది.

ఎలోయ్ సగం లేచాడు. చేతులు చూసుకున్నాడు. "ఎత్తవే! ఎత్తు! స్పీకర్ పెట్టు, అందరూ వినాలి."

ఒఫేలియా తడిగుడ్డతో వేలు తుడుచుకుని నొక్కింది.

"ఎలోయ్ గారేనా అండి? నేను హాల్వర్సన్‌ని, రేంజర్ ఆఫీసు నుంచి. ఒక రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?"

"మీ కోసమే ఎదురుచూస్తున్నానండి!" అన్నాడు ఎలోయ్, అత్తగారి వైపు కన్నుకొట్టి.

"సంతోషం. మీ దరఖాస్తు విషయం కాదండి, దాని గురించి విడిగా మాట్లాడదాం. మీ కింద పని చేసిన సెనైదా ఆర్చులేతా గారి గురించి. మిమ్మల్ని అడగొచ్చని ఆవిడ రాశారు."

ఎలోయ్ మొహం మీద నవ్వు అలాగే ఉంది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు. మెల్లగా మరదలి వైపు తిరిగాడు. సెనైదా తమాలే చుట్టడం ఆపలేదు. ఈ మొహం చూడటానికే ఆరు నెలలు బతికినట్టు అనిపించింది ఆమెకి. హాయిగా ఉంది. దాచుకోవడానికేముంది, ఎంతో హాయిగా ఉంది.

"మీరిచ్చిన రేటింగు కూడా ఆవిడ జత చేశారు," అంది ఫోనులో గొంతు, మర్యాదగా. "కత్తిగట్టు మీంచి దళాన్ని ఆజ్ఞ లేకుండా సొంత నిర్ణయంతో దింపేసిందని రాశారు మీరు. ఆ సంతకం మీదేనా అండి?"

"అది... ఆ రోజు కొంచెం గందరగోళంగా..."

"సంతకం మీదేనా అని అడుగుతున్నాను."

"నాదే."

"అయితే దళాన్ని దింపాలని నిర్ణయించింది ఆవిడేనా?"

గంగాళంలోంచి ఆవిరి లేస్తోంది. దొనాసియానా చేతులు ఒళ్ళో పెట్టుకుని అల్లుణ్ణే చూస్తోంది. ఎలోయ్ నుదుటి మీద చెమట పట్టింది. తుడుచుకోబోతే పిండి అంటుకుంది.

అవునంటే, నేను దింపాను అని తను నొక్కి పంపిన ముక్క అబద్ధం. కాదంటే, సంతకం పెట్టిన ముక్క అబద్ధం. ఆ సంగతి అతనికి అప్పుడే, ఆ బల్ల దగ్గరే, అర్థమైనట్టుంది. నోరు తెరిచాడు.

"మేము దిగామండి," అన్నాడు.

సెనైదా చేతిలో రేకు చిరిగింది.

"మేము అంటే ఎవరండీ?" అంది హాల్వర్సన్. "ఒక్క పేరు చెప్పండి చాలు."

ఎలోయ్ భార్య వైపు చూశాడు. ఆ చూపు ఏం అడుగుతోందో చిన్నపిల్లకి కూడా అర్థమవుతుంది: కట్ చెయ్యి. సిగ్నల్ పోయిందందాం. కట్ చెయ్యి.

ఒఫేలియా వేలు ఫోను మీదికి వెళ్ళింది. ఎర్ర గుర్తు మీద ఆగింది. ఆ వేలి మీదే ఉన్నాయి పిల్ల మందులు, ఇన్సూరెన్సు, ఇల్లు. సెనైదా చిరిగిన రేకు పక్కన పడేసింది. ఇంత కష్టపడి కట్టిన పగ అక్క చేతిలో ఉంది. అడగడానికి వాళ్ళకి మాటలు లేవు కదా.

ఒఫేలియా చెల్లెలి వైపు చూసింది. వారాల తర్వాత మొదటిసారి.

తర్వాత వేలు పక్కకి జరిపి, ఫోను శబ్దం చివరంటా పెంచి, దాన్ని మొగుడి నోటి దగ్గరికి తోసింది.

"చెప్పండి," అంది. "నాకూ వినాలనుంది."